బరువు ఆగిందా? ఇల్లంతా కదలాలి!

తినేది అదే, మానేసింది అదే. అయినా తూకం మిషను మీద అంకె నెల రోజులుగా కదలడం లేదు. పిండి పదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే కీటో పథ్యం మొదలుపెట్టిన అమ్మానాన్నల్లో చాలామందికి రెండో నెలలోనో మూడో నెలలోనో ఎదురయ్యే చిక్కు ఇది. దీనికి విరుగుడు ఇంకొంచెం కఠినంగా ఉండడంలో ఉందా, ఇంట్లో పనుల పంపకంలో ఉందా?

అన్నం మానేసిన మొదటి పది రోజులూ పండగలా గడుస్తాయి. పొద్దున్నే మిషనెక్కితే చాలు, ఎంతో కొంత తగ్గినట్టు కనిపిస్తుంది. బిగుతైపోయి అడుగున పెట్టేసిన జాకెట్లు మళ్లీ బయటికొస్తాయి. ఆఫీసులో ఎవరో ఒకరు ‘తగ్గినట్టున్నావే’ అంటారు. ఆకలి కూడా పెద్దగా వేయదు. పిల్లల బాక్సుల్లో పులిహోర సర్దుతున్నా చెయ్యి అటు పోదు. ఆ ఉత్సాహంలో ఆర్నెల్ల లెక్క వేసేసుకుంటారు. నెలకు నాలుగు కిలోలైతే సంక్రాంతికల్లా ఇంతకు దిగిపోతానని.

ఆ తర్వాత ఆగిపోతుంది. వారం చూస్తారు, రెండు వారాలు చూస్తారు. అప్పుడు సలహాలు మొదలవుతాయి. ‘కొవ్వు సరిపోవట్లేదు, ఇంకో రెండు చెంచాల కొబ్బరి నూనె వేసుకో’ అని ఒకరు. ‘రెండు రోజులు నీళ్ల మీదే ఉండు’ అని ఇంకొకరు. ‘నువ్వు చాటుగా ఏదో తింటున్నావు’ అని ఇంట్లోవాళ్లు. అన్నిటికన్నా ఆ మూడో మాటే గుచ్చుకుంటుంది. నిజానికి ఆ మనిషి చాటుగా ఏమీ తినలేదు. అందరి ఎదుటే, పిల్లల పళ్లేల దగ్గర నిలబడి తింది. అది తిండి లెక్కలోకి వస్తుందని ఆమెకీ తోచలేదు, చూసినవాళ్లకీ తోచలేదు. అక్కడికి తర్వాత వద్దాం.

మూర్ఛ కోసం పుట్టిన పథ్యం

తెలుగు ఇళ్లలోకి ఈ పద్ధతి గట్టిగా వచ్చింది 2017, 2018 ప్రాంతంలో. వీరమాచనేని రామకృష్ణ చెప్పిన కొబ్బరి నూనె, నిమ్మకాయలు, రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రల పథ్యం యూట్యూబులోనూ వాట్సాప్‌లోనూ ఊరూరూ తిరిగింది. కల్యాణ మండపాల్లో జరిగిన సభలకు జనం బారులు తీరారు. వైద్యుల్లో చాలామంది అభ్యంతరం చెప్పారు, టీవీ చర్చలు వేడెక్కాయి. వాదం ఎటు పోయినా మన వంటింట్లో ఒక మార్పు మాత్రం మిగిలింది. అన్నం లేకుండా పూట గడుస్తుందని తెలుగువాడు మొదటిసారి నమ్మాడు.

అసలు కీటో వయసు వందేళ్లు దాటింది. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ రస్సెల్ వైల్డర్ ఆ పేరు పెట్టి ప్రతిపాదించింది బరువు తగ్గడానికి కాదు, మూర్ఛ రోగులకు. ఉపవాసంలో ఉన్నప్పుడు మూర్ఛలు తగ్గుతున్నాయని గమనించారు. తిండి పెడుతూనే ఒంటిని ఉపవాస స్థితిలో ఉంచడానికి ఈ దారి పట్టారు. 1938లో ఫెనిటాయిన్ మందు వచ్చాక దీన్ని చాలావరకు మరిచిపోయారు. తన కొడుకు మూర్ఛ ఈ పథ్యంతో అదుపులోకి రావడం చూసిన హాలీవుడ్ దర్శకుడు జిమ్ అబ్రహమ్స్ 1994లో చార్లీ ఫౌండేషన్ పెట్టాక మళ్లీ వెలుగులోకొచ్చింది.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. ఈ పథ్యంలో ఉన్న మూర్ఛ పిల్లల తల్లిదండ్రులు ఆస్పత్రి డైటీషియన్ చెప్పినట్టు వెన్ననూ గుడ్డునూ గ్రాముల్లో తూచి పెట్టేవాళ్లు. ఒక బిస్కెట్ ముక్క నోట్లో పడినా రాసుకునేవాళ్లు. ఇవాళ బరువు కోసం అదే పథ్యం పట్టిన తల్లి బిడ్డకు పాలు కలుపుతూ, మామగారికి రొట్టె కాలుస్తూ, పూట గడిస్తే చాలన్నట్టు తింటుంది. పథ్యం అదే, పాటించే పరిస్థితులే వేరు.

మొదట పోయింది చాలావరకు నీరు

మన కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో సుమారు 400, 500 గ్రాముల పిండి నిల్వ ఉంటుంది. ప్రతి గ్రామూ తనతో మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానగానే మొదట ఖర్చయ్యేది ఈ నిల్వే. దాంతోపాటు నీరూ పోతుంది. మొదటి వారాల్లో దిగే రెండు మూడు కిలోల్లో పెద్ద వాటా దానిదే. తర్వాత కరగాల్సింది అసలు కొవ్వు, అది నెమ్మదిగానే కరుగుతుంది. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కెలోరీలుంటాయి. రోజుకు 500 కెలోరీలు తగ్గించి తిన్నా ఆ కిలో పోవడానికి పదిహేను రోజులు పడుతుంది.

దీనికి తిరుగుదారి కూడా ఉంది. పెళ్లి భోజనం ఒక్క పూట చేస్తే మర్నాటికి కిలోన్నర పెరిగి కనిపిస్తుంది. అది కొవ్వు కాదు, తిరిగొచ్చిన నీరు. ఆడవాళ్లకు నెలసరి ముందు రోజుల్లో కిలో రెండు కిలోల నీరు చేరడం మామూలే. ఈ అంకె చూసి ‘అంతా పోయింది’ అని ఆ సాయంత్రమే గిన్నెడు పాయసం తాగేసినవాళ్లను చూస్తే బాధేస్తుంది. పోయిందేమీ లేదు. ఆడవాళ్లు ఇవాళ్టి బరువును నిన్నటి బరువుతో కాక, పోయిన నెలసరి లెక్కలో ఇదే రోజు బరువుతో పోల్చి చూసుకోవాలి. కనీసం నాలుగు వారాలు బరువూ నడుమూ రెండూ కదలకపోతేనే ఆగినట్టు. నడుము కొలిచే టేపు మిషను కన్నా నమ్మకస్తురాలు. మన దేశంలో ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు వైద్యులు. బరువు కదలకుండా నడుము రెండు సెంటీమీటర్లు తగ్గిందంటే పని జరుగుతున్నట్టే.

నిజంగానే ఆగిపోయినవాళ్ల సంగతి వేరు. 84 కిలోల ఒంటిని మోయడానికి పట్టే శక్తి 75 కిలోల ఒంటికి పట్టదు. మొదటి రోజు సరిపెట్టిన పళ్లెం మూడో నెలకు ఎక్కువైపోతుంది. దానికి తోడు ఒళ్లు కూడా పొదుపు మొదలుపెడుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం ‘ద బిగ్గెస్ట్ లూజర్’ అనే టీవీ పోటీలో బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించింది. వాళ్ల ఒళ్లు విశ్రాంతిలో ఖర్చుపెట్టే శక్తి ఆ బరువుకు ఉండాల్సినదానికన్నా రోజుకు దాదాపు 500 కెలోరీలు తక్కువ ఉంది. అది విపరీతమైన పోటీ, అందరికీ అంత ఉండదు. కానీ దిశ ఒకటే. 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు 50 మందికి కఠిన పథ్యం పెట్టి చూస్తే, ఏడాది దాటినా ఆకలి పుట్టించే హార్మోన్లు మునుపటి స్థాయికి దిగలేదు. ‘నీకు పట్టుదల లేదు’ అనేవాళ్లు ఇది చదవాలి. పోరాటం నాలుకతోనే అనుకుంటాం, అక్కడ ఒళ్లంతా ఎదురు తిరిగి ఉంటుంది.

ఇలాంటప్పుడు ఇంకో రెండు చెంచాల నూనె సలహా ఎంత తప్పో చూడండి. పెద్ద చెంచాడు కొబ్బరి నూనె 120 కెలోరీలు. నాలుగు చెంచాలంటే 480. అది రెండు కప్పుల అన్నానికి సమానం, అంతకు మించి కూడా. కొవ్వు తింటే కొవ్వు కరుగుతుందనే మాట సగమే నిజం. ఒళ్లు ముందు నోటి ద్వారా వచ్చిన కొవ్వును వాడుకుంటుంది. అది చాలనప్పుడే నడుము దగ్గరి నిల్వ ముడుతుంది. కాఫీలో వెన్న కలుపుకుని, మధ్యాహ్నం నెయ్యి పోసుకుని, సాయంత్రం గుప్పెడు బాదం నమిలితే, కొవ్వు వాడినప్పుడు వచ్చే కీటోన్లు ఒంట్లో పుడతాయి. మూత్రంలో కీటోన్లు చూసే పట్టీ రంగు కూడా మారుతుంది. బరువు మాత్రం తగ్గదు. ఆ పట్టీ చెప్పేది పిండి మానేశారని మాత్రమే.

పళ్లెం అంచున మిగిలిన సగం ఇడ్లీ

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. పిల్లలున్న ఇంట్లో తినడానికి వేళంటూ ఉండదు. పొద్దున స్కూలు వ్యాను హారన్ కొడుతుంటే బిడ్డ సగం ఇడ్లీ వదిలేసి పరిగెడుతుంది. ఆ ముక్క పారేయడానికి తల్లికి చేతులు రావు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని విని పెరిగినవాళ్లం మనం. సాయంత్రం బాక్సు తెరిస్తే రెండు ముద్దల పెరుగన్నం, ఒక చపాతీ ముక్క. చిన్నదానికి కలిపిన పాలు గ్లాసు అడుగున రెండు గుక్కలు. పాయసంలో తీపి సరిపోయిందో లేదో చూడాలి. పెద్దవాడు హోంవర్కు చేస్తూ వదిలేసిన రెండు బిస్కెట్లు. వీటిలో ఏదీ భోజనం కాదు, అందుకే ఏదీ లెక్కలోకి రాదు.

లెక్క వేస్తే ఇడ్లీ ఒక్కదానిలో, సైజును బట్టి, 8 నుంచి 12 గ్రాముల పిండి. 200 మిల్లీలీటర్ల పాలల్లో తొమ్మిది పది గ్రాములు. ఒక్కో బిస్కెట్‌లో నాలుగైదు గ్రాములు. కీటోలో రోజంతటికీ అనుమతించేది 20 నుంచి 50 గ్రాములు. పిల్లల పళ్లేల దగ్గరే సగం వాటా అయిపోతే, కూరలో ఉల్లిపాయకూ టమాటాకూ చోటెక్కడిది? తండ్రుల సంగతి ఇంకో రకం. వారమంతా గట్టిగా ఉండి ఆదివారం పుట్టినరోజు పార్టీకి పిల్లల్ని తీసుకెళ్తారు. బిడ్డ వదిలేసిన పిజ్జా ముక్క, కేకు మీది క్రీము, తిరుగుదారిలో ఐస్‌క్రీమ్. సోమవారం నుంచి మళ్లీ మొదలు.

ఇది మోసం కాదు, మనిషి స్వభావం. న్యూయార్క్‌లో 1992లో స్టీవెన్ లిచ్‌మన్ బృందం ‘ఎంత తక్కువ తిన్నా తగ్గను’ అని గట్టిగా చెప్పిన పది మందిని పరీక్షించింది. వాళ్ల ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో లోపమేమీ కనిపించలేదు. తిన్నదాన్ని మాత్రం సగటున 47 శాతం తక్కువ చేసి చెప్పారు, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువ చేసి చెప్పారు. వాళ్లు అబద్ధాలాడలేదు, అలాగే నమ్మారు. ఇల్లు నడిపే మనిషి రోజులో ఎన్నిసార్లు నోట్లో ఏం వేసుకుందో గుర్తుంచుకోవడం అంతకన్నా కష్టం.

అందుకని నేను గట్టిగా చెప్పే మొదటి పని ఇది. ఒక వారం పాటు, నోట్లో పడింది పడ్డట్టు ఫోనులో రాసుకోండి. మానేయమనడం లేదు, రాయండి చాలు. నూనె సీసా నుంచి నేరుగా పోయకుండా చెంచాతో కొలవండి. జీడిపప్పు, బాదం, పల్లీలు డబ్బాలోంచి తినకుండా చిన్న గిన్నెలో తీసుకోండి. ముప్ఫై గ్రాముల బాదం కూడా 170 కెలోరీల పైమాటే. పిల్లలకు తక్కువ వడ్డించి, అడిగితే మళ్లీ పెట్టండి. అప్పుడు పళ్లెంలో మిగలదు, పారేయాల్సిన పాపమూ ఉండదు. మిగిలింది మూతపెట్టి పక్కన పెట్టే బాధ్యత ఇంట్లో వేరేవాళ్లు తీసుకోవాలి.

రెండు పొయ్యిలు, ఒక్క మనిషి

చాలా ఇళ్లలో కీటో ఆగిపోయేది అలసటతో. ఇంటిల్లిపాదికీ అన్నం, పప్పు, కూర, చారు. తనకు మాత్రం వేరే పనీర్, వేరే గుడ్లు, క్యాలీఫ్లవర్ తురిమి చేసిన ‘అన్నం’. రెండు వంటలు మూడు నెలలు చేయడం ఎవరివల్లా కాదు. ఏదో ఒక రోజు ఓపిక లేక పిల్లలకు కలిపిందే తానూ తింటుంది.

మన వంటలో ఇందుకు దారి ఉంది. అందరికీ ఒకటే కూర చేసి, తన పళ్లెంలో అన్నం చోటంతా కూరకే ఇవ్వచ్చు. గోంగూర మాంసం, బెల్లం వేయని చేపల పులుసు, గుడ్డు కూర, తోటకూర వేపుడు, బీరకాయ, సొరకాయ, దొండకాయ, గుత్తి వంకాయ, గిన్నెడు పెరుగు. ఇందులో ఇంటివాళ్లు తిననిదేముంది? పిల్లలు అదే కూరతో అన్నం తింటారు. మసాలాలో పల్లీ, కొబ్బరి మోతాదు చూసుకుంటే చాలు.

ఆగిపోయినప్పుడు తగ్గించాల్సింది నూనె, పెంచాల్సింది మాంసకృత్తులు. బరువు తగ్గే ఒళ్లు కొవ్వుతో పాటు కండనూ పోగొట్టుకుంటుంది. కండ పోతే ఖర్చు ఇంకా తగ్గిపోతుంది. గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల పనీర్‌లో 18 వరకూ మాంసకృత్తులుంటాయి. కిలో బరువుకు ఒక గ్రాముకు కాస్త పైన అందేలా మూడు పూటలకూ సర్దుకోవాలి. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం వైద్యుణ్ణి అడక్కుండా పెంచకూడదు. దీనికి తోడు కండకు పని చెప్పాలి. పిల్లలు పడుకున్నాక జిమ్‌కు వెళ్లే ఓపిక ఎవరికుంటుంది? గుంజీళ్లు, మెట్లు, గోడకు ఆనుకుని చేసే దండీలు, నీళ్ల సీసాలు పట్టుకుని చేతుల వ్యాయామం. పిల్లలతో కలిసి చేస్తే వాళ్లకు ఆట, మీకు పని.

ఎవరూ లెక్కపెట్టని నిద్ర

తిండి లెక్క ఎంత సరిచేసినా నిద్ర లేకపోతే ఫలితం తలకిందులవుతుంది. 2010లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు పది మందికి ఒకే తిండి పెట్టి రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు మంచం మీద ఉండనిచ్చారు. రెండుసార్లూ బరువు దాదాపు సమానంగానే తగ్గింది. నిద్ర తగ్గిన వారాల్లో మాత్రం కరిగిన కొవ్వు 55 శాతం తక్కువ. ఆ లోటు కండ నుంచి పోయింది. ఆకలి కూడా ఎక్కువైంది.

పాలు తాగే బిడ్డో, దగ్గుతో లేచే బిడ్డో, పరీక్షల పిల్లాడో ఉన్న ఇంట్లో ఐదున్నర గంటలు కూడా ఒక్క విడతలో దొరకవు. అలాంటి తల్లికి ‘ఇంకా తక్కువ తిను’ అని చెప్పడం నిర్దయ. ఆ ఇంట్లో ఆగిపోయిన బరువుకు మందు ఇంకొకరు లేవడమే.

పాలిచ్చే తల్లులకు ఇంకో హెచ్చరిక. పిండి పూర్తిగా మానేసి పాలిస్తూ, రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరిగి ఆస్పత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. బిడ్డ పాలు మానేదాకా కఠిన కీటో జోలికి పోకపోవడమే మంచిది. మధుమేహానికి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవాళ్లకూ ఇదే ముప్పు. వాళ్లలో చక్కెర మామూలుగానే కనిపిస్తూ ఆమ్లం పెరిగిపోవచ్చు. గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడుతూ అన్నం మానేస్తే చక్కెర పడిపోవచ్చు. మందుల మోతాదు వైద్యుడు మార్చాకే పథ్యం మొదలుపెట్టాలి. బరువు ఎంతకీ కదలకపోతే థైరాయిడ్ పరీక్ష, వాడే మందుల జాబితా, కొలెస్ట్రాల్ రిపోర్టు ఒకసారి చూపించుకోండి.

చిన్న చెవులు వింటుంటాయి

పిల్లల విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. వైద్యుడు మూర్ఛకో మరో జబ్బుకో రాసిస్తే తప్ప పెరిగే పిల్లలకు కీటో పెట్టకూడదు. లావుగా ఉన్న పిల్లవాడైనా సరే. ఇంకోటి, పదేళ్ల కూతురి ముందు ‘అన్నం విషం’, ‘చూడు ఎంత అసహ్యంగా ఉన్నానో’ అనే మాటలు రాకూడదు. రోజూ పొద్దున మిషనెక్కి అమ్మ మొహం వాడిపోవడం ఆ పిల్ల చూస్తూనే ఉంటుంది. మిషను హాల్లోంచి పడకగదిలోకి మార్చండి. వారానికి ఒక్కసారి చూసుకోండి. పిల్ల అడిగితే ‘నా మోకాళ్ల కోసం, నా చక్కెర కోసం తింటున్నాను’ అని చెప్పండి.

ఇంత చేసినా ఆగిన చోటే ఉంటే? అప్పుడు కీటో నుంచి దిగడం ఓటమేమీ కాదు. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని ఏడాది పాటు గమనించి 2018లో చెప్పింది ఇదే. కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటొద్దంది. మనలో చాలామంది పళ్లేలు దానికి ఎంతో దూరంలో ఉన్నాయి. గుప్పెడు అన్నం, దానికి రెండింతల కూర, ఒక గుడ్డు, గిన్నెడు పెరుగు అనే పళ్లెం అమ్మ, నాన్న, పిల్లలు, తాతయ్య అందరికీ సరిపోతుంది. తగ్గిన తొమ్మిది కిలోలు రెండేళ్లు పెరగకుండా కాపాడుకోవడం, ఇంకో మూడు కిలోల కోసం ఇల్లు అల్లకల్లోలం చేసుకోవడం కన్నా పెద్ద విజయమని నా నమ్మకం.

ఇంట్లో ఎవరైనా ఇలా ఆగిపోయి దిగులుపడుతుంటే, భర్తలకూ అత్తమామలకూ అక్కచెల్లెళ్లకూ ఒక్క మనవి. వాళ్లకు ఇంకో డైట్ చార్టు పంపకండి. వచ్చే నాలుగు వారాలు పిల్లల బాక్సులు మీరు కడగండి, పొద్దుటి వడ్డన మీరు చూసుకోండి, రాత్రి బిడ్డ ఏడిస్తే రోజు విడిచి రోజు మీరు లేవండి. నాలుగు వారాలయ్యాక టేపు తీసి నడుము కొలవండి.